పెన్సిలు రాత

చేతులు మూడుసార్లు సబ్బుతో కడుక్కుంటే గానీ పిల్లల కాపీలు, అదే నోటు పుస్తకాలు, ముట్టుకోకూడదని మా ఆయన ఆర్డరు. మూడోసారి కడిగాక వేళ్లు ఆయన ముక్కు దగ్గర పెట్టి చూపించాలి. "ఊఁ, ఇంకా నీసే. పిల్లల తల్లిదండ్రులు ఏటనుకుంటారు? ప్రేమ్ సార్ ఇంటి కాపీలు సేపల బజార్లో దిద్దినట్టున్నాయనుకోరా?" అంటారు. ఆ మాటంటున్న మనిషి, నేను తోమి, ఉప్పు రాసి, పులుసు పెట్టిన కవ్వళ్లు మధ్యాహ్నం అరడజను తిని, ముళ్లన్నీ పళ్లెం అంచున వరసగా పేర్చినవాడు. తినే నోటికి లేని వాసన తోమే చేతికి ఎలా వస్తుందో, ఆయన టూషన్ పెట్టిన ఈ పదకొండేళ్లుగా నాకు అర్థం కాలేదు.

నా పేరు బేబీ. నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి, ముప్పై ఎనిమిదేళ్లొచ్చినా నేను బేబీనే. సముద్రం ఒడ్డున సోనేపూర్ బడిలో చేర్చిన రోజు మాస్టారు పేరడిగితే, వల పని మధ్యలో వదిలి వచ్చిన తొందరలో మా నాన్న పోతయ్య ఇంట్లో పిలిచే పేరే చెప్పేశాడు. అదే పదో తరగతి సర్టిఫికెట్లోకి ఎక్కింది. అదే బరంపురం కాలేజీలో ప్లస్ త్రీ ఇంగ్లీష్ ఆనర్స్ పట్టా మీదకీ ఎక్కింది. మా వీధిలో ఆనర్స్ దాకా వెళ్లిన మొదటి ఆడపిల్లని నేను. మా అమ్మ ఎండుచేపలు కట్టివ్వడానికి పాత ఇంగ్లీషు పేపర్లు కిలోల లెక్కన తెచ్చేది. ఆ పేపర్లే నా గ్రామరు పుస్తకాలు. 'ఎ', 'యాన్', 'ది' ఉన్నచోటల్లా వేలితో మూసి, అక్కడ ఏముంటుందో ఊహించి, వేలు తీసి చూసుకునేదాన్ని. మన తెలుగులో ఆ ముక్కలు లేవు, ఒడియాలోనూ లేవు. చెవికి అందవు కాబట్టి కంటితో పట్టుకోవాలి. అలా రెండేళ్లు మూసి తీసి, మూసి తీసి, చివరికి మూయకుండానే తెలిసిపోయే స్థితికొచ్చాను. ఎవరూ నేర్పలేదు. గొప్ప కోసం చెప్పడం లేదు, కోపంతో చెప్తున్నాను.

బరంపురం అంకులిలో మా ఇంటి గేటుకి బోర్డు ఉంది. 'ప్రేమ్ సార్ ఇంగ్లీష్ క్లాసెస్. ఆర్టికల్స్, ప్రిపొజిషన్స్ స్పెషలిస్ట్.' పగలు ఆయన సర్కారు బళ్లో మాస్టారు. సాయంత్రం ఐదు నుంచి ఏడు దాకా ముందు గదిలో నలభైమంది పిల్లలు. వాళ్లు రాసిన కాపీలు రెండు దొంతరలుగా వంటింట్లోకి వస్తాయి. నేను కూర ఒక పొయ్యి మీద, అన్నం ఒక పొయ్యి మీద పెట్టుకుని, పీట మీద కూర్చుని, దిద్దుతాను. ఎర్రపెన్నుతో కాదు సుమా! పెన్సిలుతో. ఎర్రపెన్ను సార్‌ది. పొద్దున్న టీ తాగుతూ ఆయన నా పెన్సిలు గీతల మీద ఎర్రపెన్ను పోనిచ్చి, కింద సంతకం పెట్టి, మిగిలిన పెన్సిలు రాతంతా రబ్బరుతో రుద్దేస్తారు. ఆ రబ్బరు పొట్టు మళ్లీ నేనే ఊడుస్తాను. పని ఎక్కువున్న రోజుల్లో "నువ్వే ఎర్రపెన్నుతో రాసీ, నా సంతకం కూడా ఎట్టీ" అంటారు. అలా ఆయన సంతకం నాకు ఆయన కన్నా బాగా వచ్చింది. పాఠం మధ్యలో ఎవరైనా పిల్లలు చిక్కు ప్రశ్న వేస్తే "ఉండండి, నీళ్లు తాగొస్తా" అని లోపలికొచ్చి, గ్లాసు పట్టుకుని గుసగుసగా "ఇక్కడ 'ఇన్' రాయాలా, 'ఎట్' రాయాలా?" అంటారు. నేను గరిటె తిప్పుతూ చెప్తాను. బయటికెళ్లి అదే మాట గోడలు అదిరేలా చెప్తారు. సార్‌కి షుగరుందని, అందుకే అంత దాహమని పిల్లలు అనుకుంటారట. సొమ్మొకడిది, సోకొకడిది అని ఊరికే అన్నారా!

పెన్సిలుతో తప్పు కొట్టి ఊరుకునేదాన్నయితే ఇంత బాధ లేకపోను. ఆ తప్పు ఎక్కడి నుంచి వచ్చిందో రాయకపోతే నాకు నిద్రపట్టదు. 'బరంపురానికి చేరాను' అంటాం కాబట్టి పిల్లలు రీచ్డ్ పక్కన 'టు' తగిలిస్తారు. 'అతనితో పెళ్లయింది' అంటాం కాబట్టి 'విత్' తెస్తారు. ఇది బుర్ర లేకపోవడం కాదు, ఇంట్లో మాట బళ్లోకి రావడం. అదే అంచున రాస్తాను: 'నువ్వు మన మాటలో ఆలోచించావు, అందుకని ఇది వచ్చింది, సిగ్గుపడకు, ఇంగ్లీషువాళ్లు ఇలా అంటారు.' తెలుగు మాట్లాడే పిల్లలకి కూడా ఇక్కడ చదువు ఒడియాలోనే కదా, అందుకని తెలుగు మాటల్ని ఒడియా అక్షరాల్లో రాస్తాను. అవన్నీ మా ఆయన రుద్దేస్తారు. "ఇంత సోదెందుకు? మార్కు కావాలి పిల్లలకి. నీ పురాణం కాదు" అంటారు. పిల్లలు గడుసువాళ్లు. రుద్దిన పేజీని కిటికీ వెలుగుకి ఏటవాలుగా పట్టుకుని, కాగితంలో నొక్కుకుపోయిన రాత చదువుకుంటారట. ఈ సంగతి మా అమ్మాయి రింకి చెప్పింది. విన్న రోజు వంటింట్లో నిలబడి ఏడ్చాను.

సుమిత్ అని సోనేపూర్ నుంచి బస్సులో వచ్చే పిల్లాడున్నాడు. వాళ్ల నాన్న గురించి పేరా రాస్తూ 'మై ఫాదర్ గోస్ టు సీ' అన్నాడు. నేను టిక్కు పెట్టాను. వేటకెళ్లేవాడు అలాగే వెళ్తాడు, మధ్యలో 'ది' అక్కర్లేదు. మా ఆయన దాన్ని ఎర్రగా కొట్టేసి, నలభైమంది ముందు "సముద్రం దగ్గర పుట్టావు, సముద్రం ముందు 'ది' తెలీదా?" అని చెవి మెలేశారు. రాత్రి భోజనం దగ్గర నేను చెప్పబోతే "అంకులి వచ్చీసినాం, ఇంకా నీకు సేపల బుద్ది పోలేదు" అన్నారు. మా అత్తగారు కాసమ్మ అక్కడే ఉంది. ముప్పై ఏళ్లు చేపల గంప మోసి ఆ కొడుకుని చదివించిన మనిషి. తల వంచుకుని అన్నం కలుపుకుంది. నాకు ఆవిడ మీదా జాలేసింది, ఆవిడ ఊరుకున్నందుకు ఒళ్లూ మండింది.

ఇలా ఉండగా పోయిన నెల ఒక ఆదివారం పొద్దున్న పద్మిని మేడం మా ఇంటికొచ్చారు. హల్దియాపదర్‌లో ఒక ఇంగ్లీషు మీడియం బడికి ఆవిడ హెడ్మిస్ట్రెస్. వాళ్ల మేనకోడలు మా టూషన్‌లో చదువుతోంది. మా ఆయన గబగబా ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, బోర్డు కనబడేలా తలుపు బార్లా తీసి, ఎదురెళ్లారు. ఆవిడ కుర్చీలో కూర్చుని, బ్యాగులోంచి ఒక కాపీ తీసి, పేజీని కిటికీ వైపు వంచి, "ఈ పెన్సిలు రాత ఎవరిది?" అని అడిగారు. మా ఆయన నవ్వి "నాదే మేడం, రఫ్‌గా ముందు పెన్సిలుతో..." అంటున్నారు. ఆవిడ "మా పిల్ల అలా చెప్పలేదే. 'ఆంటీ రాస్తారు, సార్ రుద్దేస్తారు' అంది. ఆంటీని పిలవండి" అన్నారు. నేను పసుపు చేతులతో గుమ్మంలోనే ఉన్నాను. "మా బళ్లో ఇంగ్లీషు టీచరు పోస్టుంది. పరీక్ష రాస్తావా అమ్మా?" అన్నారు. పదకొండేళ్లలో ఆ ముందు గదిలో నన్ను ఉద్దేశించి ఎవరైనా అడిగిన మొదటి ప్రశ్న అది. రాస్తానన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

ఆవిడ వెళ్లాక మా అత్తగారు "కోడలు బడికెల్తే కుండెవుడు ఎక్కిస్తాడ్రా?" అంది. మా ఆయన "రాయనీ అమ్మా. సరదా తీరుతాది. పాసైతే కదా!" అన్నారు. ఫెయిలవుతానన్న ధీమాతో ఇచ్చిన పర్మిషన్ అది. పరీక్షకు ముప్పై ఒక్కమంది వచ్చారు. నాకు మొదటి ర్యాంకు వచ్చింది. ఆ కబురు ఫోన్లో విన్నాక మా ఆయన రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు కూరలో ఉప్పెక్కువైందన్నారు.

పద్మిని మేడం మళ్లీ ఫోన్ చేశారు. "సోమవారం పదకొండింటికి కమిటీ ముందు ఇంటర్వ్యూ. మార్కుల్లో నీకు ఢోకా లేదు. కాకపోతే మూడేళ్ల అనుభవం ఉన్నట్టు కాగితం కావాలి, అది రూలు. మీ సార్ చేత రెండు లైన్లు రాయించుకుని రా, చాలు" అన్నారు. నేను హమ్మయ్య అనుకున్నాను. ఎంత తెలివితక్కువదాన్నో చూడండి. పదకొండేళ్లు చేసిన పనికి రెండు లైన్లు రాయడానికి కట్టుకున్నవాడికి ఏం అడ్డం అనుకున్నాను.

అడిగాను. ఆయన ఫోన్ పక్కన పెట్టి నా వైపు చూశారు.

"ఏటని రాయాలి? నా టూషన్ కాపీలు నా పెళ్లాం దిద్దిందని రాయాలా? ఆ కాగితం నలుగురి సేతిలో పడితే నా బోర్డేటవుతాది?"

"నిజమే కదండీ రాయమన్నాను."

"నిజం! ఇంట్లో మొగుడికి సాయం సేసీది ఎక్స్‌పీరియన్సేటే? అలాగైతే మా అమ్మకి సేపల కూరలో ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ ఇయ్యాల."

మా అత్తగారు పక్కనుంచి అందుకుంది. "మొగుడు సంతకం కోసం ఇంత గోలేటే బేబీ? నాకు ఏలిముద్ర తప్ప ఏటుంది? నాను బతకలేదా?"

బతికావు అత్తా, నిజమే. బతికావు, కానీ ఆ గంప నువ్వు మోశావని నీ కొడుకు ఎవరికైనా చెప్తాడా? ఆ మాట నోటిదాకా వచ్చింది. మింగేశాను. ఆవిడ మీద కోపం తీర్చుకోవడం తేలిక, ఆవిడ నా పక్కనే నేల మీద కూర్చుంది కాబట్టి.

అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అన్నట్టుంది నా పని. ఈ ఉద్యోగం నాకు కావాలి. ఎందుకు కావాలో కూడా చెప్తాను, ఇల్లు గడవక కాదు. ఒక నల్లబల్ల ముందు నిలబడి, పిల్లల మొహాలు చూస్తూ, 'నువ్వు మన మాటలో ఆలోచించావు, సిగ్గుపడకు' అని నోటితో, పెద్దగా, రుద్దడానికి వీల్లేకుండా చెప్పాలని ఉంది. అంతే. శుక్రవారం మళ్లీ అడిగాను. శనివారం మళ్లీ అడిగాను. బతిమాలాను కూడా, దాచుకోవడం ఎందుకు.

ఆదివారం సాయంత్రం ఆయన మెత్తబడ్డారు. గదిలో కూర్చుని గంటసేపు ఏదో టైపు చేసి, ప్రింటు తీయించుకొచ్చి, వంటింట్లోకొచ్చారు. మొహం మీద దానం చేసినవాడి నవ్వు. "ఇదిగో, నీ ముచ్చట నాకెందుకు కాదనాలి? రాసినాను. ఓసారి సూసీ, ఆర్టికల్స్ అవీ. రేపు కమిటీలో సదువుకున్నోలు ఉంటారు, తప్పులుంటే నా పరువు పోతాది" అన్నారు.

చేతులు తుడుచుకుని కాగితం తీసుకున్నాను. పీట మీద కూర్చున్నాను. పెన్సిలు నా జడముడిలోనే ఉంటుంది, తీశాను. మొదటి వాక్యంలో ఒక 'ది' తక్కువ, పెట్టాను. రెండో వాక్యంలో 'ఇన్' ఉండాల్సిన చోట 'ఆన్', దిద్దాను. మూడోదాంట్లో అక్కర్లేని 'ఎ' కొట్టేశాను. పదకొండేళ్ల అలవాటు, చెయ్యి దానంతటదే పోతోంది. అప్పుడు గానీ అసలు ఏం రాశారో నా బుర్రకెక్కలేదు. 'బేబీ నా భార్య. గత కొన్నేళ్లుగా ఈమె నా విద్యార్థుల కాపీలు సర్దిపెట్టడంలోనూ, వారికి తాగునీరు అందించడంలోనూ నాకు సాయపడుతున్నది. ఈమె నడవడిక మంచిది.'

అరికాలి మంట నెత్తికెక్కింది. సర్దిపెట్టింది! నేను సర్దిపెట్టేదాన్నని చెప్పే కాగితం, దాని తప్పులు దిద్దమని నాకే ఇచ్చాడు! ఇచ్చి, పక్కనే నిలబడి, తొందరగా దిద్దమన్నట్టు చిటికెలేస్తున్నాడు. ఇందులో వింతేమిటో ఆయనకి తట్టలేదు. కసితో చేసినా ఇంత బాధ ఉండకపోను. నిమ్మకు నీరెత్తినట్టు నిలబడి ఉన్నాడు మనిషి. ఇంతకాలం నా పని దాస్తున్నాడనుకున్నాను. దాయడం కూడా కాదు, ఆయనకి అది కనబడనే లేదు. కుళాయి తిప్పితే నీళ్లొచ్చినట్టు కాపీలు దిద్దబడి వస్తాయి, అంతే.

రబ్బరు తీసుకున్నాను. నేను పెట్టిన 'ది' రుద్దేశాను. 'ఇన్' రుద్దేశాను. మూడోదీ రుద్దేశాను. కాగితం ఊది, ఆయన చేతికిచ్చాను.

"ఏటిది? తప్పులున్నాయా లేవా?"

"నాకేటి తెల్సండీ? నాను కాపీలు సర్దీదాన్ని కదా."

ఆయన మొహం ఎర్రబడింది. కోపం వస్తే మా ఆయనకి ఇంగ్లీషు ముందు పోతుంది. "ఏటా పొగరు? ఈ కాగితం లేకపోతే రేపు ఆ గుమ్మం ఎక్కనిత్తారేటి నిన్ను? ఎవుడి పేరు సూసి పిలిచినారు నిన్ను? నా బోర్డు సూసి!"

"బోర్డు సూసి కాదండీ, పెన్సిలు సూసి" అన్నాను. పెళ్లయ్యాక ఆయన మాటకి నేను తిప్పి చెప్పిన మొదటి మాట కాదది, కానీ చెప్పాక కళ్లు దించుకోకపోవడం అదే మొదటిసారి. ఆయన కాగితం గూట్లో విసిరేసి, చెప్పులేసుకుని బయటికెళ్లిపోయారు.

రింకి గుమ్మం పక్కనుంచి అంతా చూసింది. పదమూడేళ్లు దానికి. మెల్లగా వచ్చి నా పక్కన కూర్చుని, "అమ్మా, నాన్న సంతకం నీకొచ్చు కదా. నువ్వే మంచి లెటర్ రాసి పెట్టీ. ఎవలకి తెలుస్తాది?" అంది.

నిజమే, ఎవరికీ తెలియదు. దాని ప్రోగ్రెస్ కార్డుల మీదా నేను పెట్టిన సంతకాలే. ఒక్క నిమిషం పని. తెల్లకాగితం తీశాను, పెన్ను తీశాను. పెన్ను మొన కాగితానికి ఆనించి ఆగాను. ఆయన అడిగినప్పుడల్లా ఆయన పేరు రాశాను. ఆయన లేకుండా నేను నిలబడటానికి కూడా ఆయన పేరే రాయాలా? నా మీద నాకే కోపం వచ్చింది, ఇన్నేళ్లు ఎందుకు రాశానా అని.

"వద్దే" అన్నాను. "మీ నాన్న పేరు మీద ఇంక ఒక్క అచ్చరం కూడా రాయను."

"మరి ఉజ్జోగం రాకపోతే?"

రాకపోవచ్చు. దానికి అబద్ధం చెప్పలేదు. "రాకపోతే ఏడుస్తాను" అన్నాను. "ఏడ్చి ఇంకో బడికి ఎల్తాను." అది నా భుజం మీద తల పెట్టుకుంది.

తర్వాత కూర్చుని నా ఉత్తరం నేనే రాశాను, ఇంగ్లీషులో. ఎన్నేళ్లు, రోజుకెన్ని కాపీలు, ఏ ఏ తరగతులు, పిల్లలు ఎక్కువగా చేసే తప్పులేంటి, వాటిని నేనెలా విడమరిచి చెప్తాను. ఎక్కడా ఒక మాట పెంచలేదు, తగ్గించలేదు. ఒకసారి చదువుకున్నాను. దిద్దడానికేం లేదు.

సోమవారం పొద్దున్న అన్నం, పప్పు వండి మూతలు పెట్టాను. నలభై కాపీలు వచ్చినవి వచ్చినట్టే ముందు గది బల్ల మీద పెట్టాను, దేనిమీదా గీత లేదు. "కాపీలేవీ?" అన్నారు మా ఆయన. "అక్కడే ఉన్నాయి, సర్దిపెట్టాను" అన్నాను. మా అత్తగారు గుమ్మంలో కూర్చుని ఉంది. నా చీర కుచ్చెళ్ల వైపు చూసి, ఏదో అనబోయి, "ఎండెక్కకముందే ఎల్లు" అంది. అంతే అంది.

హల్దియాపదర్ దాకా ఆటోలో వెళ్లాను. పద్మిని మేడం గదిలో ఆవిడ పక్కన కమిటీ మనిషి కూర్చున్నారు, రామచంద్రరావు గారట. కళ్లద్దాలు ముక్కు చివరికి జార్చుకుని నా సర్టిఫికెట్లు ఒక్కొక్కటే చూశారు. ఉత్తరం దగ్గర ఆగారు. మొత్తం చదివారు. మళ్లీ పైనుంచి చదివారు.

"బాగా రాశారమ్మా, ఒక్క తప్పు లేదు" అన్నారు. కాగితం తిప్పి వెనకవైపు చూశారు, మళ్లీ ముందుకు తిప్పారు. "కాకపోతే కింద సంతకం మీదే ఉందేమిటి? చేసిన పనికి ఎవరికి వాళ్లే సర్టిఫికెట్ ఇచ్చుకుంటే ఎలా? యజమాని ఇవ్వాలి గదా. మీ సార్ సంతకం ఏదీ?"

పద్మిని మేడం నా వైపు చూస్తున్నారు. నేను రామచంద్రరావు గారి మొహంలోకి చూశాను.

"ఆ ఇంట్లో నా పని ఎరిగిన పెద్దోలం ముగ్గురం సార్. మా అత్తకి ఏలిముద్ర తప్ప రాదు, మా ఆయన నిజం రాయరు. అబద్దమాడకుండా సంతకం ఎట్టగలిగింది నేనొక్కదాన్నే."